చెంబు నీళ్లు అడిగినవాడు ఏ లెక్కలోకి వస్తాడు? – హయగ్రీవ రావు పరిశోధనపై ఒక పరిశీలన

సాహిత్యాన్ని కడిగాం. చరిత్రను తిరగేశాం. కమ్యూనిస్టు పార్టీలను నిలదీశాం. మేనేజిమెంటు శాస్త్రం జోలికి మాత్రం తెలుగులో మనం పెద్దగా పోలేదు. అది షావుకార్ల చదువు, మనకెందుకులే అనుకున్నాం. ఈలోగా ఆ చదువే మన వాడల్లోకి వచ్చేసింది. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక హిందూపురం, పెనుకొండ, అనంతపురం కాలేజీల్లో ఎంబీఏ సీట్లలో మాల మాదిగ పిల్లలు కూర్చున్నారు. పరిగి మండలంలో కూలి చేసుకునే ఇళ్లలో ఇప్పుడు ఎంబీఏ పుస్తకాలున్నాయి. ఆ పుస్తకాల్లో అమెరికా కంపెనీలున్నాయి, జపాను కంపెనీలున్నాయి. పుస్తకం పట్టుకున్న పిల్ల పుట్టిన వాడ మాత్రం లేదు.

ఎవరిని ఏ పనిలో పెట్టాలి, ఎవరి మాట ఎవరు వినాలి, ఎవరు ఎవరితో కలవాలి, ఎవరిని గడప దాటనివ్వకూడదు – సంస్థల నిర్మాణాన్ని అధ్యయనం చేసే శాస్త్రం అడిగే ప్రశ్నలు ఇవే గదా. ఈ నాలుగింటికీ మన ఊళ్లల్లో ఎప్పుడో జవాబులు రాసిపెట్టినారు. కులం పనులనే గాక పనిచేసే మనుషులనే ముక్కలు చేసి, ఒకరి నెత్తిన ఒకరిని నిలబెడుతుందని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పినాడు. ఆ లెక్కన ఆయన రాసింది సంస్థా నిర్మాణం మీద మన దేశంలో వచ్చిన అతి ముఖ్యమైన గ్రంథం. ఎంబీఏ సిలబస్‌లో దాన్ని పెట్టాలని ఎవరికీ తోచకపోవడం యాదృచ్ఛికం కాదు.

ఈ వ్యాసంలో మేము ఒక పండితుడి కృషిని చర్చకు తీసుకుంటున్నాం. ఆయన పేరు హయగ్రీవ రావు. అమెరికా విద్యాలోకంలో హగ్గీ రావు అంటే తెలియనివారు తక్కువ. 1978లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., 1980లో జంషెడ్‌పూర్ ఎక్స్‌.ఎల్‌.ఆర్‌.ఐ.లో డిప్లొమా, 1989లో ఒహాయో రాష్ట్రంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు. తర్వాత ఎమరీ, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పి స్టాన్‌ఫర్డ్ చేరుకున్నారు. అక్కడ సంస్థాగత ప్రవర్తన, మానవ వనరుల ఆచార్యులయ్యారు. వాల్తేరు నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా పోయిన బాట అది.

ఆయన కులమేదని మేము అడగడం లేదు. పేరు చూసి కులం పట్టే విద్య మన మీద ప్రయోగించినవాళ్ల విద్య. అది మనకొద్దు. మా ప్రశ్న ఆయన రాసినదాని మీద. ఇంతమంది ఆచార్యులుండగా ఈయననే ఎందుకు ఎంచుకున్నామంటే, మేనేజిమెంటు పండితుల్లో చాలామంది యజమాని కుర్చీ పక్కన నిలబడి రాస్తారు. ఈయన తిరుగుబాటుదారుల వైపు చూశారు. చేతిలో అధికారం లేనివాళ్లు గుమిగూడి, అధికారంలో ఉన్నవాటిని ఎట్లా కదిలిస్తారన్నదే ముప్పై ఏళ్లకు పైగా ఆయన అడుగుతూ వచ్చిన ప్రశ్న. అది మన ప్రశ్న కూడా. పరాయివాడితో మనకు పేచీ ఉండదు. పేచీ ఎప్పుడూ దగ్గరగా వచ్చి ఆగిపోయినవాడితోనే.

ఆ బాట గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాం. జెస్యూట్ ఫాదరీలు 1949లో ఉక్కు పట్నంలో పెట్టిన ఎక్స్‌.ఎల్‌.ఆర్‌.ఐ. పేరులోనే కార్మిక సంబంధాలు అన్న మాట ఉంది. రానురాను ఇటువంటి సంస్థలన్నీ కార్మికుణ్ణి 'మానవ వనరు' చేశాయి. ఐ.ఐ.ఎం.ల సంగతి మరీ ఘోరం. అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్లకు 2019లో పార్లమెంటు చట్టం చేశాక కూడా తమను దాన్నుంచి మినహాయించమని అవి కేంద్రాన్ని అడిగాయి. 1000 పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించి 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన వ్యాసం, నూటికి 93 మంది అగ్రకులాలవాళ్లేనని తేల్చింది. చదువు చెప్పేచోటా వాళ్లే, చదివినవాళ్లను ఏలేచోటా వాళ్లే. ఈ శాస్త్రంలో కులం కనబడకపోవడానికి కళ్లజోడు మార్చుకుంటే సరిపోదని చెప్పడానికే ఈ లెక్కలు.

ఇప్పుడు రచనల్లోకి వద్దాం.

1994లో ఆయన రాసిన వ్యాసం అమెరికాలో మోటారు కార్ల తొలి రోజుల గురించి. 1895 నుంచి 1912 దాకా కారంటే జనానికి భయం, అనుమానం. కార్ల పిచ్చోళ్లు క్లబ్బులు పెట్టి, ఏ బండి ఎంత దూరం ఆగకుండా పోతుందో పోటీలు నడిపారు. పోటీల్లో గెలిచిన కంపెనీలకు పేరొచ్చింది, ఆ పేరే వాటిని బతికించింది. మంచి సరుకు తనంతట తాను నెగ్గుతుందనే మార్కెట్ భక్తుల మాటను ఆయన ఇక్కడే కొట్టేశారు. పేరు ప్రతిష్ఠలు సమాజం కట్టబెట్టేవేనని చూపించారు. ఈ మాట మనకు కొత్త కాదు. 'ప్రతిభ' అనే సర్టిఫికెట్ ఎవరు ఎవరికి ఇస్తారో మండల్ రోజుల నుంచీ మనం అడుగుతూనే ఉన్నాం. అన్నట్టు 2019 నుంచి మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోనే కార్లు తయారవుతున్నాయి. మన పిల్లలు కాంట్రాక్టు కూలీలుగా వ్యాన్లెక్కి షిఫ్టులకు పోతున్నారు. కారుకు పేరెట్లా వచ్చిందో ఆయన చెప్పినారు. కారు చేసే చేతికి పేరెందుకు రాదో చెప్పాల్సినవాళ్లం మనమే.

మా దృష్టిలో ఆయన రచనల్లో అన్నిటికంటే బలమైనది 1998లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీలో వచ్చిన వ్యాసం. మన కార్యకర్తలందరూ చదవాల్సిన కథ అది. అమెరికాలో 'కన్స్యూమర్స్ రీసెర్చ్' అనే సంస్థ ఉండేది. సరుకులను పరీక్ష చేసి ఏది మంచిదో ఏది మోసమో కొనేవాళ్లకు చెప్పడం దాని పని. 1935లో ఆ సంస్థలోని ఉద్యోగులే సంఘం పెట్టుకుని సమ్మె చేశారు. న్యాయం చెప్పే సంస్థ తన పనివాళ్లకు న్యాయం చేయలేదన్నమాట. సమ్మె చేసినవాళ్లు విడిపోయి 1936లో 'కన్స్యూమర్స్ యూనియన్' పెట్టారు. వస్తువు నాణ్యతతో బాటు దాన్ని తయారుచేసిన కూలీలకు ఏపాటి జీతమిచ్చారో, ఎట్లా చూసుకున్నారో కూడా చెప్పాలన్నది వాళ్ల పట్టు. అప్పుడేమైంది? కమ్యూనిస్టులని ముద్ర వేశారు, అమెరికా కాంగ్రెస్ కమిటీ దాకా లాగారు, పత్రికలు దూరం పెట్టాయి. చివరికి ఆ సంస్థ బతికి బట్టకట్టింది గానీ కూలీల ఊసు వదిలేసింది. వస్తువును పరీక్షించే 'నిష్పాక్షిక శాస్త్రం'గా మిగిలింది.

సంస్థ బతకడానికి దాని పుట్టుకకు కారణమైన ప్రశ్ననే బలిపెట్టాల్సి వస్తుందని ఈ వ్యాసం నుంచి మేము నేర్చుకున్నాం. మన సంఘాల్లో ఎన్ని ఇట్లా కాలేదు? వాడ కోసం పుట్టి, ప్రాజెక్టు రిపోర్టుల కోసం బతుకుతున్న సంస్థలను మేము చూస్తూనే ఉన్నాం. పేర్లెందుకు, చదివేవాళ్లకు తెలుసు. నిష్పాక్షికత అన్నది ఓడిపోయినవాళ్ల డిమాండును తీసేయగా మిగిలిన పదార్థమని చూపిన పండితుడు ఆయన. అందుకు మేము ఆయనకు రుణపడి ఉన్నాం. అయితే ఆ కత్తిని తన శాస్త్రం మీదికే తిప్పి ఉంటే? మేనేజిమెంటు శాస్త్రం తన 'నిష్పాక్షికత' కోసం ఏ ప్రశ్నను వదిలేసిందని అడిగి ఉంటే? అక్కడ జవాబుగా కులం దొరికేది.

ఫ్రెంచి వంటల మీద మోనిన్, డ్యురాండ్ అనే ఇద్దరితో కలిసి 2003, 2005లలో రాసిన వ్యాసాలు చాలా పేరు పొందినవి. 1968 తిరుగుబాటు గాలిలో ఫ్రాన్సులో వంటవాళ్లు పాత శాస్త్రీయ వంట ఆంక్షలను తెంచుకుని కొత్త వంట తెచ్చారు. ఆ తర్వాత పాత పద్ధతివాళ్లు కొత్తవాటిని, కొత్తవాళ్లు పాతవాటిని అరువు తెచ్చుకుని కలిపి వండారు. పెద్ద పేరున్న వంటవాళ్లు గీత దాటేసరికి, దాటినందుకు పడే శిక్ష తగ్గుతూ వచ్చి గీతే చెరిగిపోయిందని ఆయన లెక్క కట్టి చూపారు. ఆ వ్యాసం పేరే సరిహద్దులు దాటడం.

చదువుతుంటే మాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్కడ వంట గీత దాటితే పడే శిక్ష ఏమిటి? హోటళ్లకు మార్కులేసే పుస్తకంలో ఒక నక్షత్రం తగ్గడం. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో మన విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. రాళ్లు పడ్డాయి, కత్తిపోటు పడింది. మధ్యాహ్న భోజనం ఎస్.సి. మనిషి వండితే పిల్లలను తిననివ్వని ఊళ్లు ఈ దేశంలో ఎన్నో వార్తలకెక్కాయి. అక్కడ గీత వంటకాల మధ్యన ఉంది. ఇక్కడ గీత వండిన చేతి మీద ఉంది. పెద్దవాళ్లు దాటితే గీత చెరుగుతుందన్న సూత్రం ఇక్కడ పారదు. పెద్దకులం మనిషి మాంసం తింటే అది ఆధునికత, అభ్యుదయం. వాడ మనిషి తింటే అదే పాత నింద. గీత ఒక్కరికే చెరుగుతుంది, ఇంకొకరికి మరింత ముదురుతుంది. ఎవరు దాటుతున్నారన్నదాన్ని బట్టి గీత గుణమే మారిపోయే సమాజానికి ఈ సిద్ధాంతం ఇంకా సగమే అందింది.

2009లో వచ్చిన 'మార్కెట్ రెబెల్స్' పుస్తకంలో ఈ పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చారు. కార్లు, చిన్న సారాయి బట్టీల్లాంటి బీరు తయారీలు, వంటలు, వాటాదారుల తగాదాలు, గొలుసు దుకాణాల వ్యతిరేక ఉద్యమం, జర్మనీలో జీవసాంకేతికం మీద నిరసన. ఉద్యమం నిలబడాలంటే రెండు కావాలంటారు. ఒకటి మనుషులను రగిలించే వేడి కారణం. రెండు ఆ వేడిని ఆరిపోనివ్వకుండా, కొత్త పద్ధతుల్లో జనాన్ని భాగస్వాములను చేసే చల్లని సమీకరణ. మాట బాగుంది. మన ఉద్యమాన్ని దీంతో కొలిచి చూడవచ్చు.

1985 జూలై 17, కారంచేడు. మాదిగవాళ్లు తాగే చెరువు నీటిని మురికి చేస్తుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డుకుంది. ఆ నీళ్ల తగాదా ఆరుగురి ప్రాణాలు తీసింది. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే శిబిరం వెలిసింది. ఊరికి తిరిగి పోమన్నారు. పెద్దమనుషుల రాజీ వద్దన్నారు. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ వచ్చింది. వేడి కారణం, చల్లని సమీకరణ రెండూ అక్కడున్నాయి. 1991 ఆగస్టు 6 తర్వాత చుండూరులో చంపబడినవాళ్లను ఊరి నడిమధ్య పూడ్చి దాన్ని రక్తక్షేత్రం చేసుకున్నప్పుడూ ఉన్నాయి. అమెరికా బీరు తాగేవాళ్ల ఉద్యమం కంటే ఆయన సిద్ధాంతానికి చీరాల శిబిరం ఎన్నో రెట్లు గట్టి రుజువు. తేడా ఒక్కటే. మార్కెట్ తిరుగుబాటుదారుడు ఓడితే కొత్త బీరు రాదు. కారంచేడు మాదిగ ఓడితే ఊళ్లో అడుగు పెట్టలేడు. ప్రాణం పణంగా పెట్టిన సమీకరణకూ అభిరుచి కోసం చేసిన సమీకరణకూ ఒకే తూకం రాయి పనికిరాదని మా అభిప్రాయం.

ఈ విషయం ఆయనకు తెలియదని కాదు. ప్రాణం పణంగా పెట్టిన తిరుగుబాటు మీదనే ఆయన 2012లో సునాసిర్ దత్తాతో కలిసి ఒక పెద్ద వ్యాసం రాశారు. అదే మన అసలు చర్చ.

ఆ వ్యాసం 1857లో బెంగాల్ సైన్యం తిరుగుబాటు గురించి. పైవాళ్ల అదుపు లేని జాగాలను సామాజిక శాస్త్రంలో స్వేచ్ఛా స్థలాలంటారు. అవి తిరుగుబాటుకు పురిటి గదులవుతాయా అన్నది ప్రశ్న. దీనికి మత ఉత్సవాలను కొలబద్దగా తీసుకున్నారు. పండగ తేదీలను తెల్ల అధికారి నిర్ణయించడు. జనం గుమిగూడతారు, ఆవేశం పొంగుతుంది, మనమంతా ఒకటనే భావం కలుగుతుంది. కనుక పండగ నాడు గాని, అది అయిపోయిన వెంటనే గాని రెజిమెంటు తిరగబడే అవకాశం ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. లెక్కలు అట్లే తేలాయి. సిపాయిల సొంత ఊళ్లు దగ్గరుంటే ఆ బంధాలే సమీకరణకు ఇంకో దారి అవుతాయి. దగ్గర్లో క్రైస్తవ మిషన్ ఉంటే, అది ఎదుటి అస్తిత్వంగా నిలబడి పండగ శక్తిని పెంచుతుంది. శీర్షికలో ఈ స్థలాలను బలహీనుల ఆయుధాలన్నారు. మలేసియా పల్లె రైతుల మీద జేమ్స్ స్కాట్ 1985లో రాసిన పుస్తకం నుంచి వచ్చిన మాట అది.

పనితనంలో వంక పెట్టడానికి లేదు. రెజిమెంటు రెజిమెంటుకూ తేదీలు కట్టి లెక్క తీయడం తేలిక కాదు. మా పేచీ 'బలహీనులు' అన్న మాట దగ్గర.

బెంగాల్ పదాతి సైన్యంలో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాల బ్రాహ్మణ, రాజపుత్ర కుటుంబాలవాళ్లు. తెల్ల అధికారి ముందు వాళ్లు బలహీనులే, కాదనం. అదే పటాలం వెనక వంటపాత్రలు తోమేవాడు, మరుగుదొడ్లు ఎత్తేవాడు, గుర్రానికి గడ్డి కోసేవాడు ఉన్నారు. వాళ్ల ముందు ఈ సిపాయి ఎవరు? స్వేచ్ఛా స్థలం అంటే పైవాడి అదుపు లేని స్థలమని నిర్వచనం. పైవాడంటే ఇంగ్లీషువాడని ఒక్క మెట్టు దగ్గర ఆగిపోతే, ఆ స్థలం లోపల ఎవరి అదుపు సాగుతుందో అడగాల్సిన పని తప్పిపోతుంది. మెట్లు మెట్లుగా పేర్చిన అసమానత మన సమాజం అని అంబేద్కర్ చెప్పింది ఇందుకే. ఇక్కడ ప్రతి బలహీనుడి కిందా ఇంకో బలహీనుడుంటాడు.

1857 జనవరి, దమ్‌దమ్ ఆయుధాగారం. అక్కడ పనిచేసే కింది కులం ఖలాసీ ఒకడు, ఒక బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్లడిగాడు. నా చెంబు మైలపడుతుందని సిపాయి ఇవ్వలేదు. కొవ్వు పూసిన తూటాలు నోటితో కొరికితే నీ కులం ఎట్లాగూ పోతుంది పో అని ఖలాసీ ఎదురు చెప్పాడు. కంపెనీ అధికారుల కాగితాల్లోకే ఎక్కిన సంగతి ఇది. మన ఉత్తరాది దళిత సోదరులు తమ చిన్న చిన్న పుస్తకాల్లో ఆ ఖలాసీకి మాతాదీన్ భంగీ అని పేరు పెట్టుకున్నారు. మంగళ్ పాండే కంటే ముందు అతన్ని తలుచుకుంటారు. పేరు తర్వాతి కాలానిదైనా సంగతి పాతదే. అంత పెద్ద తిరుగుబాటుకు నిప్పురవ్వ అయిన వార్త ఏ పండగలోనూ పుట్టలేదు. చెంబు నీళ్లు ఇవ్వనన్న చోట పుట్టింది. రెజిమెంట్ల లెక్కలో ఖలాసీకి గడి ఉండదు. ఎందుకంటే అతనికి రెజిమెంటు లేదు.

2015లో ఈ ఇద్దరే మరో వ్యాసం రాశారు. అంటురోగాల భయం ఉన్నచోట, ఫలానావాళ్లు మనల్ని మైలపరుస్తున్నారన్న పుకారు జాతుల మధ్య హింసకు తొందరగా దారితీస్తుందని వాదన. దీనికీ 1857 రెజిమెంట్లే ఆధారం. మైల భయాన్ని రోగంతో, పుకారుతో ముడిపెట్టి అర్థం చేసుకోవడం ఎంతో కొంత నిజమే కావచ్చు. కానీ కలరా లేని రోజున, ఏ పుకారూ లేని రోజున, మంచి ఎండలో, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా రెండు గ్లాసులు విడివిడిగా పెట్టిన హోటళ్లను మనం చూసినాం. మైల ఇక్కడ ఆపద్ధర్మంగా వచ్చే భయం కాదు, రోజూ నడిచే ఏర్పాటు.

మద్రాసు, బొంబాయి సైన్యాలు 1857లో చాలావరకు తిరగబడలేదు. మద్రాసు సైన్యంలో మాలలు, పరయలు, బొంబాయి సైన్యంలో మహర్లు ఉన్నారు. అక్కడా పండగలున్నాయి. జనం గుమిగూడారు. చరిత్ర పుస్తకాలు వీళ్లను విశ్వాసపాత్రులనో ద్రోహులనో అంటాయి. మేము వేరేగా చూస్తాం. ఊళ్లో చెప్పులేసుకోనివ్వని మనిషికి పటాలం బూటు తొడిగింది. బడి గడప తొక్కనివ్వనివాడి పిల్లలు కంటోన్మెంటు బడిలో అక్షరాలు దిద్దారు. 1891లో అంబేద్కర్ పుట్టింది మౌ అనే కంటోన్మెంటులో, సుబేదారు రాంజీ ఇంట్లో. తిరగబడకపోవడానికి కారణం భయం అయి ఉండవచ్చు, ఎవరి మీద తిరగబడాలో తెలిసి ఉండటమూ కావచ్చు. తర్వాత యోధజాతుల సిద్ధాంతం తెచ్చి ఈ ఉద్యోగాలు కూడా తెల్లవాడు ఊడబెరికినాడన్నది వేరే సంగతి. వాడూ మన బంధువేం కాదు.

మిషన్ సంగతీ ఇంతే. ఆ వ్యాసంలో మిషన్ సిపాయికి ఎదుటి అస్తిత్వం, రెచ్చగొట్టే వస్తువు. మరి మనకు? 1878లో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో వేల మంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నారు. గుత్తి, కడప ప్రాంతాల్లో లండన్ మిషన్ వెంట మాలలు నడిచారు. నేల మీద సమానంగా కూర్చుని పాట పాడే చోటు, పలక పట్టే చోటు వాళ్లకదే. 1985లో చీరాలలో తలదాచుకున్నదీ చర్చి ఆవరణలోనే. ఒకరికి ముల్లు అయినదే ఇంకొకరికి స్వేచ్ఛా స్థలం.

పరిగిలో మేము కొందరం ఎంబీఏ చదివే వాడ పిల్లలతో కూర్చుని ఈ 1857 వ్యాసాన్ని ఒక ఆదివారం తెలుగులో చెప్పుకుంటూ చదివాం. పండగలు స్వేచ్ఛా స్థలాలన్న మాట దగ్గర ఒక అమ్మాయి అడ్డు తగిలింది. "అన్నా, పండగంటే మా నాయనకు మూడు దినాలు తప్పెట కొట్టే పని. మా అమ్మకు కసువు ఊడ్సే పని. మాకు యాడిది స్వేచ్ఛ?" అంది. మేము నోరు మూసుకున్నాం. ఆ పిల్ల రెండు మాటల్లో అన్నదాన్నే మేము ఇన్ని పేజీలు రాస్తున్నాం.

రాయలసీమ జాతరల్లో తప్పెట మాదిగవాడిదే, పోతును నరకాల్సిందీ, ఎత్తాల్సిందీ వాడే, గుడి మెట్టు మాత్రం వాడిది కాదు. తప్పెట కొట్టం అన్నందుకు వాడను వెలేసిన ఊళ్లున్నాయి. మన జిల్లాలోనే పండగల్లో ఆడపిల్లలను బసివినులుగా వదిలారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. పక్కనే కర్ణాటకలో 1986లో చంద్రగుత్తి జాతరలో నగ్నసేవను ఆపబోయిన దళిత సంఘర్ష సమితి కార్యకర్తలను భక్తులే తరిమి కొట్టారు, పోలీసులనూ వదల్లేదు. జనం గుమిగూడటం ఉంది. ఆవేశం ఉంది. ఒకటనే భావం ఉంది. సిద్ధాంతం చెప్పిన దినుసులన్నీ ఉన్నాయి. ఆ శక్తి ఎవరి మీద విరుచుకు పడింది? దళితుల మీద. ఉత్సవం అధికారాన్ని ధిక్కరిస్తుందా, అధికారాన్ని గట్టి చేస్తుందా అన్నది ఆ ఉత్సవంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న దాని మీద ఆధారపడుతుంది. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు మాల, మాదిగ, బోయ, తురక అందరూ పోతారు. అది ఒక తీరు పండగ. ఊరి దేవర ఇంకో తీరు. రెండింటినీ ఒకే గడిలో వేయలేం.

2014లో బాబ్ సట్టన్‌తో కలిసి మంచి పద్ధతులను పదిమందికీ ఎట్లా వ్యాపింపజేయాలో రాశారు. దాని మీద మేము చెప్పేదేమీ లేదు. 2024లో అదే సట్టన్‌తో 'ది ఫ్రిక్షన్ ప్రాజెక్ట్' అన్నారు. సంస్థల్లో పనికిరాని రాపిడి ఎక్కువై మనుషులు నలిగిపోతున్నారు, చెడు రాపిడిని తగ్గించాలి, తొందరపాటును ఆపే మంచి రాపిడిని ఉంచాలి అని సారాంశం. కులం సర్టిఫికెట్టు కోసం, స్కాలర్‌షిప్పు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పిల్లకు రాపిడి గురించి పుస్తకం అక్కర్లేదు. ఆమె చెప్పు అరుగుదలే సాక్ష్యం. మేము అనేదేమంటే ఆ రాపిడి పొరపాటున వచ్చింది కాదు. కొందరికి నూనె రాసి, కొందరికి ఇసుక పోసిన యంత్రం అది. స్టాన్‌ఫర్డ్‌కు కూతవేటులోనే ఉన్న సిలికాన్ వ్యాలీలో సిస్కో కంపెనీ మీద, దళిత ఇంజనీరు పట్ల కులవివక్ష చూపారని 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే కేసు పెట్టింది. కులవివక్షను పేరు పెట్టి నిషేధించే బిల్లును ఆ రాష్ట్ర గవర్నరు 2023 అక్టోబరులో వీటో చేశాడు. సంస్థల మీద రాసేవాళ్లకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఇంకేం కావాలి?

అట్లని ఆ రంగమంతా మౌనంగా ఉందనడం అన్యాయం. స్నేహాంజలి క్రిస్పాల్, మెల్బోర్న్‌లో పనిచేసే హరి బాపూజీ, షార్లీన్ జీట్‌స్మా కలిసి 2021లో ఆర్గనైజేషన్ స్టడీస్ పత్రికలో తమ శాస్త్రం కులం మీద పాటిస్తున్న మౌనాన్ని నేరుగా నిలదీశారు. ఆ మౌనం తమను నేరంలో భాగస్వాములను చేస్తోందని శీర్షికలోనే ఒప్పుకున్నారు. ఈ దారిలో హయగ్రీవ రావు సాధనాలు పనికొస్తాయి. కొలిచే ఓపిక, ఉద్యమాన్ని సంస్థగా చూసే చూపు, నిష్పాక్షికత వెనక ఎవరు ఓడారని అడగడం. ఇవన్నీ ఆయన నుంచి తీసుకోవాలి. ఆయన పెట్టిన గడులు మాత్రం మళ్లీ గీసుకోవాలి.

ఆ ఆదివారం అడ్డు తగిలిన పిల్ల తన ప్రాజెక్టు పనికి 'ఉద్యోగులలో ప్రేరణ' అనే అంశం వదిలేసి, పరిగి మండలం ఊళ్లల్లో జాతర పనులు ఎవరెవరికి ఎట్లా పంచుతారో రాస్తానంది. ఇందులో మేనేజిమెంటు ఏముందమ్మా అని కాలేజీలో అడిగారట. ఆమె ప్రశ్నల కాగితం తయారు చేసుకుని మాకు చూపించింది. మొదటి ప్రశ్న ఇది: పండగ నాడు మీకు దప్పికైతే నీళ్లు ఎవరు పోస్తారు, దేంట్లో పోస్తారు?